రిటర్న్ వేశాం, రిఫండ్ ఎక్కడ ఆగింది? పేరులో ఒక్క అక్షరం చేసే పని

జూలై వచ్చిందంటే ఇంట్లో ఎవరో ఒకరు ఇన్‌కంట్యాక్స్ రిటర్న్ మాట ఎత్తుతారు. ప్రైవేటు కంపెనీలో పనిచేసే కొడుకు జీతంలో టీడీఎస్ కోసి ఉంటారు. కాంట్రాక్టు పనులు చేసే తండ్రి బిల్లులో కొంత పట్టుకుని ఉంటారు. రిటర్న్ వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుందని ఆడిటర్ దగ్గరికో, ఆన్‌లైన్ సెంటర్‌కో వెళ్లి పని ముగించుకుని వస్తారు. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. డబ్బు పడదు. పోర్టల్‌లో చూస్తే "ఈ-వెరిఫికేషన్ పెండింగ్" అనో, "రిఫండ్ ఫెయిల్డ్" అనో, "పాన్ ఇనాపరేటివ్" అనో కనిపిస్తుంది.

అప్పుడు ముందుగా వచ్చేది భయం. "మనమేం తప్పు చేశాం? నోటీసు వస్తుందా? మన పేరు చూసి ఆపారా?" అని ఇంట్లో ఒకరినొకరు అడుగుతారు. పేరు దగ్గరే ఆగి ఉండొచ్చు. కానీ అనుకున్న అర్థంలో కాదు. రిటర్న్‌ను ముందుగా చూసేది మనిషి కాదు, కంప్యూటర్. అది పాన్‌లో ఉన్న పేరునీ, ఆధార్‌లో ఉన్న పేరునీ, బ్యాంకులో ఉన్న పేరునీ అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. మనకు "షేక్" అన్నా "ఎస్‌కే" అన్నా ఒకటే. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు.

ఈ చిక్కు ఎక్కడ ఎలా పడుతుందో తెలిస్తే చాలావరకు ఇంట్లో కూర్చునే విప్పుకోవచ్చు. తెలియకపోతే సొంత డబ్బు కోసం ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

రిటర్న్ ఎన్ని గేట్లు దాటాలి?

దేశంలో ఎక్కడ రిటర్న్ వేసినా అది బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్‌కు, అంటే సీపీసీకి వెళ్తుంది. రిటర్న్ అప్‌లోడ్ అయింది కాబట్టి పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడి నుంచి నాలుగు గేట్లు దాటాలి. మొదటిది, ఈ రిటర్న్ వేసింది మీరేనని ధ్రువీకరించడం. రెండోది, మీ పాన్ పనిచేస్తూ ఉండడం. మూడోది, రిటర్న్‌లో చెప్పిన లెక్క మీ పాన్ మీద నమోదైన లెక్కతో కలవడం. నాలుగోది, మీరిచ్చిన బ్యాంకు ఖాతా మీదేనని తేలడం. ఏ గేటు దగ్గర ఆగినా బయటికి "రిఫండ్ రాలేదు" అనే ఒక్క మాటే కనిపిస్తుంది. కానీ ఒక్కో గేటుకు మందు వేరు. అందుకే ముందు ఎక్కడ ఆగిందో చూసుకోవాలి.

మొదటి గేటు: ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది?

రిటర్న్ అప్‌లోడ్ చేసిన 30 రోజుల్లోగా దాన్ని వెరిఫై చేయాలి. 2022 ఆగస్టు 1కి ముందు 120 రోజుల గడువు ఉండేది. ఆ పాత లెక్క మనసులో పెట్టుకుని తీరిగ్గా చేద్దామనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 30 రోజులు దాటాక వెరిఫై చేస్తే, వెరిఫై చేసిన రోజునే రిటర్న్ వేసినట్టు లెక్కిస్తారు. అప్పటికి రిటర్న్ గడువు దాటిపోయి ఉంటే లేట్ ఫీజు కట్టాలి. మొత్తం ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 1,000 రూపాయలు, దాటితే 5,000 రూపాయలు. అసలు వెరిఫై చేయకపోతే రిటర్న్ వేయనట్టే.

వెరిఫై చేయడానికి అందరూ వాడేది ఆధార్ ఓటీపీ. ఆ ఓటీపీ పోర్టల్‌లో ఇచ్చిన నంబరుకు రాదు, ఆధార్‌లో ఉన్న నంబరుకే వస్తుంది. మన ఇళ్లలో చిక్కంతా ఇక్కడే. ఆధార్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంటిల్లిపాదికీ అబ్బా నంబరే రాయించారు. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆ నంబరు ఇంకెవరి దగ్గరో ఉండొచ్చు కూడా.

ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆధార్‌లో నంబరు మార్చుకోవచ్చు. ఈలోపు గడువు దాటిపోతుందనుకుంటే వేరే దారులున్నాయి. నెట్ బ్యాంకింగ్ ద్వారా, పోర్టల్‌లో ధ్రువీకరించిన బ్యాంకు ఖాతా లేదా డీమ్యాట్ ఖాతాకు వచ్చే కోడ్ ద్వారా వెరిఫై చేయొచ్చు. ఇవేవీ కుదరకపోతే ఐటీఆర్-వీ అనే కాగితాన్ని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్పీడ్ పోస్టులో బెంగళూరు సీపీసీకి పంపొచ్చు. పిన్‌కోడ్ 560500. అదీ 30 రోజుల్లోగా అక్కడికి చేరాలి.

రెండో గేటు: పాన్ పనిచేస్తోందా?

పాన్‌ను ఆధార్‌తో లింక్ చేయడానికి చివరి గడువు 2023 జూన్ 30. ఆ తేదీకి లింక్ కాని పాన్‌లు 2023 జూలై 1 నుంచి ఇనాపరేటివ్ అయ్యాయి. కార్డు చేతిలోనే ఉంటుంది, నంబరు అదే ఉంటుంది, రిటర్న్ కూడా అప్‌లోడ్ అవుతుంది. కానీ రిఫండ్ ఇవ్వరు. పాన్ ఆగి ఉన్న కాలానికి రిఫండ్ మీద వడ్డీ కూడా లెక్కకట్టరు. పైగా మీకు డబ్బు ఇచ్చేవాళ్లు టీడీఎస్ ఎక్కువ రేటులో కోస్తారు.

ఎంత ఎక్కువో ఒక లెక్క చూడండి. ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ఏదో స్కూలు భవనానికి వైరింగ్ చేశాడనుకుందాం. బిల్లు 1,50,000 రూపాయలు. పాన్ సరిగ్గా ఉంటే కాంట్రాక్టు పనికి కోసేది 1 శాతం, అంటే 1,500 రూపాయలు. పాన్ ఇనాపరేటివ్ అయితే 20 శాతం, అంటే 30,000 రూపాయలు. మెటీరియల్ బాకీ, కూలీల డబ్బు పోగా ఆ పనిలో అతనికి మిగిలేది అంత ఉంటుందో ఉండదో. ఆ 30,000 తిరిగి రావాలంటే మళ్లీ ముందు పాన్ బాగుచేసుకోవాల్సిందే.

బాగుచేసుకోవడం కష్టమేమీ కాదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో "లింక్ ఆధార్ స్టేటస్" దగ్గర లాగిన్ లేకుండానే చూసుకోవచ్చు. లింక్ కాకపోతే 1,000 రూపాయల ఫీజు కట్టి లింక్ చేయమని కోరాలి. ఆ తర్వాత 30 రోజుల్లో పాన్ మళ్లీ పనిచేస్తుంది. 80 ఏళ్లు నిండినవారికి ఈ లింక్ తప్పనిసరి కాదు.

అయితే 1,000 రూపాయలు కట్టినా లింక్ కానివాళ్లున్నారు. ఎందుకంటే లింక్ చేసేటప్పుడు పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా అనే మూడూ పాన్‌లోనూ ఆధార్‌లోనూ కలవాలి.

మన పేర్లు ఎందుకు కలవవు?

ఊరికే ఉదాహరణకు షేక్ మహబూబ్ బాషా అనే పేరు తీసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, అదీ ఎస్.కె. అని రెండక్షరాల్లో. ఆధార్‌లో ఆపరేటర్ ఎస్-హెచ్-ఎ-ఐ-కె అని పూర్తిగా కొట్టాడు. పాన్ ఫారంలో మొదటి పేరు, ఇంటిపేరు పొడి అక్షరాల్లో రాయకూడదు. కాబట్టి ఏజెంటు ఇంటిపేరును చివర పెట్టి, ఎస్-హెచ్-ఎ-ఐ-కె-హెచ్ అని ఒక అక్షరం కలిపి రాశాడు. బ్యాంకువాళ్లు పాస్‌బుక్‌లో "మహబూబ్ బాషా ఎస్" అని వేశారు. మనిషి ఒక్కడే. పేర్లు నాలుగు.

ముహమ్మద్ అనే పేరుకైతే ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో చెప్పనక్కర్లేదు. ఒక చోట ఎం.డి., ఒక చోట ఎం.ఓ.హెచ్.డి., మరో చోట పూర్తి పేరు. సయ్యద్‌కు ఎస్-వై-ఇ-డి ఉంది, ఎస్-ఎ-వై-వై-ఎ-డి ఉంది. అబ్దుల్ రహీం ఒక కార్డులో రెండు మాటలు, ఇంకో కార్డులో ఒకే మాట. ఒకరు బాషా అని రాస్తే ఇంకొకరు పాషా అని రాస్తారు. అరబీ, ఉర్దూ పేర్లు తెలుగు నోట పలికి, ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కేసరికి రాసినవాడి చెవిని బట్టి మారిపోయాయి. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ దాని ఖర్చు మాత్రం మనమే భరించాలి.

ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు. పెళ్లికి ముందు కార్డులో "సుల్తానా" అని ఉంటుంది, పెళ్లయ్యాక రేషన్ కార్డులో "బేగం" అని పడుతుంది, ఆధార్‌లో "బీ" అని ఉంటుంది. పాన్‌లో పెళ్లయిన ఆడవాళ్లకు కూడా అడిగేది తండ్రి పేరే, లేదా తల్లి పేరు. భర్త పేరుకు చోటు లేదు. కొందరు ఏజెంట్లు తండ్రి పేరు గడిలో భర్త పేరు రాసేస్తారు. నికా అయినంత మాత్రాన పేరు మార్చుకోవాల్సిన అవసరం చట్టంలో ఎక్కడా లేదు. పుట్టింటి పేరుతోనే అన్ని కార్డులూ ఉంచుకుంటే ఈ బాధే ఉండదు.

పుట్టిన తేదీ కూడా ఇలాంటిదే. పెద్దవాళ్లలో చాలామందికి బడిలో వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో అంచనాగా వేసిన సంవత్సరం ఇంకొకటి. కొందరి ఆధార్‌లో సంవత్సరం ఒక్కటే ఉంటుంది, తేదీ ఉండదు. ఇక నసీమ్, షమీమ్, ముంతాజ్ లాంటి పేర్లు ఆడవాళ్లకూ ఉంటాయి, మగవాళ్లకూ ఉంటాయి. ఫారం నింపినవాళ్లు తప్పు గడిలో టిక్కు పెడితే అక్కడా లింక్ ఆగుతుంది.

పేరులో కొద్దిపాటి తేడా అయితే ఆధార్ ఓటీపీతో లింక్ అయ్యే అవకాశం ఉంది. తేడా ఎక్కువైతే ఏదో ఒక కార్డు సరిచేయాల్సిందే. అది కూడా కుదరకపోతే పాన్ సేవలు చూసే ప్రోటియన్, యూటీఐఐటీఎస్‌ఎల్ సంస్థల ప్రత్యేక కేంద్రాల్లో వేలిముద్రతో గుర్తింపు తేల్చుకునే వీలుంది.

మూడో గేటు: లెక్క ఎవరి పాన్ మీద పడింది?

టీడీఎస్ కోసినవాళ్లు ఆ డబ్బును మీ పాన్ నంబరు మీద జమ చేయాలి. ఇక్కడ పేరు కంటే నంబరు ముఖ్యం. పది అక్షరాల్లో ఒకటి తప్పు కొట్టినా మీ డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. మీ 26ఏఎస్‌లో కనిపించదు. మీరు రిటర్న్‌లో టీడీఎస్ అడుగుతారు, సీపీసీ దగ్గర అది లేదు. రిఫండ్ తగ్గిస్తారు, ఒక్కోసారి ఎదురు కట్టమంటారు. దీన్ని మీరు సరిచేయలేరు. కోసిన కంపెనీయే తన టీడీఎస్ స్టేట్‌మెంట్‌ను సవరించాలి. కాబట్టి రిటర్న్ వేసే ముందే 26ఏఎస్ చూసుకోవడం మంచిది.

దీనికి తోడు ఏఐఎస్ అనే పట్టిక ఉంది. ఏడాదిలో మీ పాన్ మీద నమోదైన లావాదేవీలన్నీ అందులో ఉంటాయి. భూమి రిజిస్ట్రేషన్, బ్యాంకు జమలు, షేర్లు, జీతం, అద్దె. మన ఇళ్లలో "నా పాన్ లేదు, నీది ఇవ్వు" అనడం మామూలే. చాచా బంగారం కొన్నప్పుడో, బావమరిది షాపు పెట్టినప్పుడో పాన్ ఇచ్చేస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ లావాదేవీ మీ ఆదాయం పక్కన నిలబడి ప్రశ్న అడుగుతుంది. ఏఐఎస్‌లో ఏదైనా లైను మీది కాకపోతే "ఇది వేరే పాన్‌కు చెందినది" అని అక్కడే అభిప్రాయం నమోదు చేసే వీలుంది. మీ పాన్‌తో మీరే కొని ఉంటే మాత్రం అలా రాయలేరు కదా. పాన్ అప్పు ఇచ్చే వస్తువు కాదు.

ఇంకో పొరపాటు, రెండు పాన్‌లు. పాత కార్డులో పేరు తప్పు పడిందని, సరిచేయించకుండా కొత్త పాన్‌కు అప్లై చేసినవాళ్లున్నారు. ఒక మనిషికి ఒకటే పాన్ ఉండాలి. రెండుంటే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. రెండోది స్వయంగా సరెండర్ చేయాలి. పేరు తప్పు పడితే కరెక్షన్ ఫారం ఉంది. దాంతో పేరు మారుతుంది, నంబరు మారదు.

నాలుగో గేటు: బ్యాంకు

రిఫండ్ ఇప్పుడు చెక్కు రూపంలో రాదు. పోర్టల్‌లో ముందుగా ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాలోకే పడుతుంది. ఖాతాకు పాన్ జతచేసి ఉండాలి, ఖాతాలోని పేరు పాన్‌లోని పేరుతో కలవాలి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిగ్గా ఉండాలి. ఇక్కడ పాత కోడ్‌లు కూడా చిక్కు తెస్తాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిసింది. గ్రామీణ బ్యాంకులు 2025లో రాష్ట్రానికి ఒకటిగా మారాయి. పాత పాస్‌బుక్ చూసి పాత కోడ్ కొడితే ఖాతా ధ్రువీకరణ ఫెయిల్ అవుతుంది.

రిఫండ్ ఒకసారి ఫెయిల్ అయితే దానంతట అది మళ్లీ రాదు. ముందు బ్యాంకు వివరాలు సరిచేసి, "మై బ్యాంక్ అకౌంట్" దగ్గర ధ్రువీకరించి, తర్వాత "రిఫండ్ రీఇష్యూ" కోసం రిక్వెస్ట్ పెట్టాలి. ఈ రెండో పని చేయక ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లు చాలామంది. వెరిఫై చేసిన తర్వాత రిఫండ్ రావడానికి మామూలుగా 4 నుంచి 5 వారాలు పడుతుంది. అది దాటితే స్టేటస్ చూసుకోవాలి.

చిరునామా మారితే?

అద్దె ఇల్లు మారినందుకు రిటర్న్ ఆగదు. ఆధార్‌లో ఒక అడ్రస్, పాన్‌లో మరో అడ్రస్ ఉన్నంత మాత్రాన లింక్ కూడా ఆగదు. ఆధార్‌లో "కేరాఫ్" అని వచ్చే పేరు కూడా అడ్రస్‌లో భాగమే, దాన్ని పాన్‌తో పోల్చరు.

కానీ అడ్రస్‌కు వేరే ప్రమాదం ఉంది. పాన్‌లో ఉన్న అడ్రస్, రిటర్న్‌లో రాసిన అడ్రస్, పోర్టల్‌లో ఉన్న ఈమెయిల్, వీటిలో దేనికి పంపినా నోటీసు మీకు అందినట్టే లెక్క. "నాకు తెలియదు, పాత ఇంటికి పోయింది" అంటే సరిపోదు. రిటర్న్‌లో లోపం ఉందని నోటీసు వస్తే జవాబుకు 15 రోజులే ఉంటాయి. లెక్కలో సవరణ చేస్తామని సీపీసీ తెలిపితే 30 రోజులు. ఆ రోజులు గడిచిపోయాక లోపం ఉన్న రిటర్న్ చెల్లకుండా పోవచ్చు, సవరణ ఖాయం కావచ్చు.

ఏజెంటు ఫోన్ నంబరు ఎందుకు ఉంది?

ఆన్‌లైన్ సెంటర్లలో రిటర్న్ వేయించుకునేవారు ఒక్కసారి పోర్టల్‌లో "మై ప్రొఫైల్" తెరిచి చూసుకోవాలి. అక్కడ ఎవరి మొబైల్, ఎవరి ఈమెయిల్ ఉన్నాయి? చాలాసార్లు ఏజెంటువే ఉంటాయి. అంటే ప్రభుత్వం మీతో మాట్లాడాలనుకున్నప్పుడు ఏజెంటుతో మాట్లాడుతుంది. పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే ఉంటుంది.

ఇది ఎక్కడికి పోతుందో 2025 జూలైలో తేలింది. ఆ నెల 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలో పలుచోట్ల బోగస్ మినహాయింపుల మీద తనిఖీలు మొదలుపెట్టింది. కొందరు ఏజెంట్లు కమీషన్ తీసుకుని, లేని ఇంటి అద్దె, లేని విరాళాలు, లేని వైద్య ఖర్చులు చూపించి రిఫండ్‌లు ఇప్పిస్తున్నారని శాఖ చెప్పింది. ఒకేసారి ఎన్నో రిటర్న్‌లు వేయడానికి తాత్కాలిక ఈమెయిల్‌లు సృష్టించి తర్వాత వదిలేయడం వల్ల నోటీసులు ఎవరూ చదవకుండా ఉండిపోయాయని కూడా చెప్పింది. అప్పటికి ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్న్‌లు సరిచేసుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు.

రిటర్న్ ఎవరు నింపినా పేరు మీది, జవాబుదారీ మీది. "ఎక్కువ రిఫండ్ ఇప్పిస్తా, పది శాతం ఇవ్వు" అనేవాడు ఆ పది శాతం తీసుకుని పోతాడు. నోటీసు మీ ఇంటికి వస్తుంది. పేరు తేడా వల్ల ఆగిన రిటర్న్ వేరు, అబద్ధపు లెక్క వల్ల ఆగిన రిటర్న్ వేరు. మొదటిది కాగితంతో పోతుంది. రెండోదానికి పన్ను, వడ్డీ, జరిమానా ఉంటాయి.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవారికి

ఎన్ఆర్ఐలకు పాన్-ఆధార్ లింక్ తప్పనిసరి కాదు. కానీ తాము ఎన్ఆర్ఐ అని శాఖ రికార్డులో ఉండాలి. సౌదీలోనో కువైట్‌లోనో పదిహేనేళ్లుగా ఉంటున్నా, ఎప్పుడూ రిటర్న్ వేయకపోతే పాన్ రికార్డులో "రెసిడెంట్" అనే ఉంటుంది. అలాంటి పాన్‌లు కూడా 2023 జూలైలో ఆగిపోయాయి. శాఖ అప్పుడే స్పష్టత ఇచ్చింది. పాస్‌పోర్టు లాంటి ఆధారాలతో తమ పరిధిలోని అసెసింగ్ అధికారికి రాసి, స్టేటస్ మార్చమని కోరాలని చెప్పింది. ఊళ్లో ప్లాటు అమ్మేటప్పుడు ఈ విషయం బయటపడుతుంది. ఎన్ఆర్ఐ దగ్గర స్థలం కొన్నవారు టీడీఎస్ కోయాలి, అది పెద్ద మొత్తం. పాన్ ఆగి ఉంటే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. సెలవుకు వచ్చినప్పుడే, అమ్మకం ఆలోచన రాకముందే చూసుకోవాలి. ఇండియా సిమ్ ఆగిపోతే ఆధార్ ఓటీపీ రాదు కాబట్టి నెట్ బ్యాంకింగ్ నడుస్తూ ఉండేలా చూసుకోవడమూ అవసరమే.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పిల్లలకు ఎదురయ్యేది ఇంకో రకం. అక్కడి పన్ను సంస్థ ఐఆర్‌ఎస్‌కు రిటర్న్ మీద అనుమానం వస్తే, "ఇది మీరే వేశారా?" అని పోస్టులో ఉత్తరం పంపుతుంది. 5071సి, 4883సి లాంటి నంబర్లు ఆ ఉత్తరం మీద ఉంటాయి. ఇంకొకరి సోషల్ సెక్యూరిటీ నంబరుతో దొంగ రిటర్న్ వేసి రిఫండ్ కాజేసేవాళ్లు అక్కడ ఎక్కువ కావడంతో ఈ తనిఖీ పెట్టారు. జవాబిచ్చేదాకా రిటర్న్ కదలదు. గుర్తింపు తేలాక కూడా 9 వారాల దాకా పట్టొచ్చు. ఉత్తరం వచ్చేది రిటర్న్‌లో రాసిన ఇంటికే కాబట్టి, ఇల్లు మారితే ఫారం 8822 ద్వారా కొత్త అడ్రస్ చెప్పాలి. రిటర్న్ వేయకుండానే ఆ ఉత్తరం వచ్చిందంటే ఎవరో మీ నంబరు వాడారని అర్థం. దాన్ని అసలు పక్కన పడేయకూడదు.

ఏది ముందు సరిచేయాలి?

కంగారులో ఏ కార్డు దొరికితే ఆ కార్డు మార్చేస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒక వరుస ఉంది.

ముందు మార్చడానికి అన్నిటికంటే కష్టమైన కాగితం ఏదో చూడండి. అది పదో తరగతి మెమో, లేదా పాస్‌పోర్టు. అందులో ఉన్న స్పెల్లింగునే అసలుగా పెట్టుకోండి.

తర్వాత ఆధార్. అందులో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. కాబట్టి అక్షరాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆపరేటర్ కొట్టాక రసీదులో చదువుకున్నాకే సంతకం పెట్టండి. అదే రోజు మొబైల్ నంబరు కూడా ఎవరిది వారికి వేరుగా పెట్టించుకోండి.

ఆ తర్వాత పాన్ కరెక్షన్. దానికి ఖర్చు వంద రూపాయల పైచిలుకు. చివర బ్యాంకు. పాన్‌లో ఎలా ఉందో అలాగే పాస్‌బుక్‌లో పడాలి.

ఇప్పటికే పాన్, ఆధార్ లింక్ అయిపోయి ఉంటే ఒక అక్షరం తేడా ఉందని ఆధార్‌ను కదిలించకండి. బ్యాంకు పేరు ఒక్కటి పాన్‌కు తగ్గట్టు చేసుకుంటే రిఫండ్‌కు సరిపోతుంది.

దొంగ మెసేజ్‌లతో జాగ్రత్త

రిఫండ్ కోసం ఎదురుచూసే సమయంలోనే "మీ రిఫండ్ 15,490 రూపాయలు మంజూరైంది, ఈ లింకు నొక్కి ఖాతా ధ్రువీకరించండి" లాంటి మెసేజ్‌లు వస్తాయి. నిజమైన ధ్రువీకరణ పోర్టల్‌లో లాగిన్ అయి మీరు చేసేదే. శాఖ ఓటీపీ అడగదు, ఏటీఎం పిన్ అడగదు. 2019 అక్టోబర్ 1 నుంచి శాఖ పంపే ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉంటోంది. నోటీసు నిజమో కాదో ఆ నంబరుతో పోర్టల్‌లో లాగిన్ లేకుండానే చూసుకోవచ్చు. ఏదైనా సందేహముంటే పోర్టల్ హెల్ప్‌లైన్ 1800 103 0025కు ఫోన్ చేయొచ్చు.

ఈ పనంతా రిటర్న్ గడువు వారంలో పెట్టుకుంటే కాదు. ఏదైనా ఒక ఆదివారం ఇంట్లో అందరి పాన్, ఆధార్, పాస్‌బుక్ ఒక చోట పరిచి, ఒక తెల్ల కాగితం మీద ఎవరి పేరు ఎక్కడ ఎలా ఉందో పక్కపక్కన రాయండి. అమ్మీ పేరు, చెల్లెలి పేరు కూడా మరచిపోవద్దు. వాళ్లకు ఈరోజు పన్ను లేకపోవచ్చు. రేపు స్కాలర్‌షిప్‌కో, ఇంటి లోనుకో, పాస్‌పోర్టుకో ఇవే అక్షరాలు అడ్డం వస్తాయి. తేడా కనిపించిన చోట సున్నా చుట్టి, పైన చెప్పిన వరుసలో ఒక్కొక్కటి సరిచేసుకుంటూ పోతే వచ్చే జూలై నాటికి పని పూర్తవుతుంది.